డబ్బా ఫోన్‌లో కొత్త సిమ్ పనిచేయట్లేదా? ఫోన్ పారేసే ముందు ఇవి చూసుకోండి

భద్రాచలం బస్టాండు దగ్గరో, చర్ల సంతలోనో గొడుగు కింద కూర్చున్న కుర్రాడు ఆధార్ అడుగుతాడు, వేలిముద్ర తీసుకుంటాడు, సిమ్ చేతిలో పెడతాడు. పది నిమిషాల పని. ఆ సిమ్‌ని ఇంటికి తెచ్చి దాదీ వాడే బటన్ ఫోన్‌లో వేస్తే మాత్రం టవర్ రాదు. బ్యాటరీ తీసి మళ్ళీ పెడతారు. సిమ్‌ని చీర కొంగుతో తుడుస్తారు. ఫోన్ పట్టుకుని డాబా ఎక్కుతారు. రెండు రోజులు చూసి ‘ఫోన్ పాతదైపోయింది, ఇక పనికిరాదు’ అని ఇంట్లో తీర్పు చెప్పేస్తారు. దుకాణంవాడు కూడా అదే మాటంటాడు. అతనికి కొత్త ఫోన్ అమ్ముకోవాలి కదా!

చాలాసార్లు ఫోనూ బాగానే ఉంటుంది, సిమ్మూ బాగానే ఉంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరదు, అంతే. ఎందుకు కుదరదో తెలిస్తే కొన్ని ఇళ్ళల్లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది, కొన్ని ఇళ్ళల్లో కంపెనీ మార్చాలి. నిజంగా ఫోన్ మార్చాల్సిన ఇళ్ళూ ఉంటాయి. ఏది అవసరమో తెలుసుకోకుండా కొత్త నంబర్ తీసుకుంటే అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది. ఆ పాత నంబర్‌కే బ్యాంకు ఓటీపీ వస్తుంది, గ్యాస్ బండ ఇచ్చేటప్పుడు అడిగే కోడ్ వస్తుంది, సౌదీలో ఉన్న కొడుకు ఫోన్ వస్తుంది.

ముందు స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చదవండి

‘టవర్ రావట్లేదు’ అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. ఫోన్ మాత్రం ఒక్కో జబ్బుకు ఒక్కో మాట చెప్తుంది.

‘ఇన్సర్ట్ సిమ్’ అని వస్తే ఫోన్‌కు అసలు సిమ్ కనిపించలేదని అర్థం. సిమ్ మీద బంగారు రంగు రేకు ఉంటుంది, ఫోన్ లోపల సన్నని స్ప్రింగు పిన్నులుంటాయి. అవి రెండూ తాకట్లేదు. ఫోన్ ఆపి, బ్యాటరీ తీసి, ఆ రేకుని పొడి బట్టతో తుడవండి. రేకు వైపు పిన్నుల మీదికి, కోసిన మూల ఫోన్‌లో గీసిన బొమ్మకు సరిపోయేలా పెట్టండి. తడి బట్ట వద్దు, ఉమ్ము అసలే వద్దు.

‘నో సర్వీస్’ అంటే సిమ్ కనిపించింది గానీ ఫోన్‌కు తెలిసిన సిగ్నల్ ఏదీ ఆ చుట్టుపక్కల అందట్లేదని. ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అంటే వేరే సంగతి. ఏదో ఒక కంపెనీ టవర్ ఫోన్‌కు అందుతోంది, కానీ మీ సిమ్‌ని అది తనదని ఒప్పుకోవట్లేదు. జియో సిమ్‌ని పాత డబ్బా ఫోన్‌లో వేసినప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే. పక్కనున్న ఎయిర్‌టెల్ టవరో, బీఎస్ఎన్ఎల్ టవరో ఆ ఫోన్‌కు అందుతుంది, దాని గీతలు చూసి మనం ‘సిగ్నల్ ఉంది కదా, ఫోన్ ఎందుకు కలవదు’ అనుకుంటాం.

‘సిమ్ రిజిస్ట్రేషన్ ఫెయిల్డ్’ అనో ‘ఇన్‌వాలిడ్ సిమ్’ అనో వస్తే ముందు కంపెనీ వైపు చూడాలి. సిమ్ ఇంకా చాలూ కాలేదు, లేదా కాగితాల పని సగంలో ఆగింది, లేదా నంబర్ మూసేశారు. మీరు ఫోన్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, సిమ్ ఇచ్చిన చోటికి పోవాలి.

‘పీయూకే’ నంబర్ అడిగితే ఇంట్లో పిల్లలు ఫోన్‌తో ఆడుకున్నారని దాదాపు ఖాయం. సిమ్‌కు పెట్టిన పిన్ మూడుసార్లు తప్పు కొడితే ఇలా తాళం పడుతుంది. పీయూకే నంబర్ సిమ్ వచ్చిన అట్ట మీద ఉంటుంది. లేకపోతే ఆ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్ళు చెప్తారు. తోచిన అంకెలు కొట్టి చూడకండి. పదిసార్లు తప్పితే ఆ సిమ్ మళ్ళీ పనిచేయదు.

వీటన్నిటికంటే తేలికైన పరీక్ష ఒకటుంది. మీ కొత్త సిమ్‌ని పక్కింటివాళ్ళ ఫోన్‌లో వేయండి, వాళ్ళ సిమ్‌ని మీ ఫోన్‌లో వేయండి. మీ సిమ్ అక్కడ పనిచేస్తే సిమ్ మంచిదే. వాళ్ళ సిమ్ మీ ఫోన్‌లో పనిచేస్తే ఫోన్ మంచిదే. రెండూ మంచివే అయినా ఒకదాంట్లో ఒకటి పనిచేయకపోతే, కింద చెప్పబోయేదే మీ కథ.

టవర్ మాట్లాడే భాష ఫోన్‌కు రావాలి

మన ఇళ్ళల్లో తెలుగు తప్ప ఉర్దూ రాని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. హైదరాబాద్ పెళ్ళికి పోతే చుట్టూ అందరూ మాట్లాడుతూనే ఉంటారు, వీళ్ళకు మాట వినిపిస్తుంది గానీ అర్థం కాదు. ఫోన్ సంగతీ అంతే. 2జీ, 3జీ, 4జీ అనేవి టవర్ మాట్లాడే వేర్వేరు భాషలు. 2జీ మాత్రమే వచ్చిన ఫోన్‌ని 4జీ టవర్ కింద నిలబెట్టినా దానికి ఒక్క ముక్క అర్థం కాదు.

2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? టార్చిలైటు ఉండేది. ఊరూరా అదే. ఆ ఫోన్‌కు వచ్చింది 2జీ ఒక్కటే. ఆ తరం డబ్బా ఫోన్లన్నీ దాదాపు అంతే. అందుకే సిమ్ కొనేటప్పుడు దాని మీద ‘4జీ’ అని ఉందా ‘5జీ’ అని ఉందా అన్నది కాదు చూడాల్సింది. ఆ కంపెనీ ఇంకా 2జీ నడుపుతోందా, మీ ఊళ్ళో ఆ సిగ్నల్ ఉందా అన్నది చూడాలి.

జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైంది. మొదటి రోజు నుంచీ 4జీ తప్ప 2జీ, 3జీ పెట్టుకోలేదు. ఆ కంపెనీలో మాట కూడా ఇంటర్నెట్ లాగే 4జీ మీదనే పోతుంది. దాన్నే వోల్టీ అంటారు. కాబట్టి 2జీ డబ్బా ఫోన్‌లో జియో సిమ్ ఈ రోజు పనిచేయదు, రేపూ చేయదు. ఇందులో సెట్టింగులతో అయ్యే పనేం లేదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ మాత్రం 2జీని ఇంకా నడుపుతున్నాయి. ఆ కంపెనీలు ఇప్పుడిచ్చే కొత్త 4జీ సిమ్ కూడా, 2జీ సిగ్నల్ ఉన్నచోట పాత ఫోన్‌లో మామూలుగా పనిచేస్తుంది.

3జీ సంగతి ఇంకా తమాషా. 2011 తర్వాత నాలుగైదేళ్ళపాటు కొన్న టచ్ ఫోన్లలో చాలావాటికి 2జీ, 3జీ రెండే వచ్చు. ఎయిర్‌టెల్ దేశమంతా 2020కే 3జీని ఆపేసింది, వీఐ కూడా సర్కిళ్ళ వారీగా తీసేస్తూ వచ్చింది. అప్పట్లో నెట్ వేగంగా రావాలని ఎవరో ఆ ఫోన్‌లో ‘3జీ ఓన్లీ’ అని పెట్టి ఉంటారు. ‘డబ్ల్యూసీడీఎంఏ ఓన్లీ’ అని ఉన్నా అదే. ఇప్పుడు ఆ ఫోన్ లేని సిగ్నల్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్, అందులో నెట్‌వర్క్ మోడ్‌లోకి పోయి ‘ఆటో’ అనో, 2జీ కలిసి ఉన్నదో పెట్టండి. కాల్స్ వస్తాయి. నెట్ మాత్రం నత్తనడకే.

పాత టచ్ ఫోన్లలో మరో చిక్కు సిమ్ పెట్టే గది. రెండు సిమ్‌ల ఫోన్ అయినా, కొన్నిటిలో మొదటి గదికే 4జీ వస్తుంది, రెండో దానికి 2జీ మాత్రమే. మొదటి దాంట్లో ఎయిర్‌టెల్ ఉంది కదా అని జియోని రెండో దాంట్లో వేస్తారు, అది పలకదు. సిమ్‌లు అటూ ఇటూ మార్చి చూడండి. ఒక్క రూపాయి ఖర్చు లేని వైద్యం.

తొలినాళ్ళ 4జీ ఫోన్లు కొన్నిటికి నెట్ 4జీలో వస్తుంది గానీ వోల్టీ లేదు. జియో వేస్తే వాట్సాప్ నడుస్తుంది, మామూలు కాల్ పోదు. దాన్ని దాటడానికే జియో అప్పట్లో ప్రత్యేకంగా కాలింగ్ యాప్ ఇచ్చింది. అదే ఫోన్‌లో ఎయిర్‌టెల్ వేస్తే కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ 2జీకి దిగుతుంది, మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. అది ఫోన్ చెడిపోయిన లక్షణం కాదు.

తిరగేసి కూడా ఒక సంగతి ఉంది. 2017లో వచ్చిన జియోఫోన్, 2023లో 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ బటన్ ఫోన్లే అయినా 4జీవి. కానీ వాటికి జియో తాళం వేసి అమ్మారు. వేరే కంపెనీ సిమ్ వాటిలో నడవదు. తమ్ముడు వాడి వదిలేసిన జియోఫోన్‌ని అమ్మీకి ఇచ్చి, అందులో ఆవిడ బీఎస్ఎన్ఎల్ సిమ్ వేయాలని చూస్తే అయ్యే పని కాదు. తాళం లేని 4జీ బటన్ ఫోన్లు వేరే కంపెనీలవి దొరుకుతాయి, కొనేటప్పుడు ‘ఏ సిమ్ అయినా నడుస్తుందా’ అని అడిగి, మీ సిమ్ వేసి, కాల్ చేసి చూసి డబ్బులివ్వండి.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చిన ఫోన్లకూ తాళం సమస్య ఉంటుంది. ‘నెట్‌వర్క్ అన్‌లాక్ కోడ్’ అడిగితే ఆ ఫోన్‌ని అక్కడి కంపెనీ తన సిమ్‌కే కట్టేసిందని అర్థం. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే ఇంకోటి కూడా చూడాలి. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. ఇంగ్లిష్‌లో ‘కేవైఎం’ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోన్ సంగతి చెప్తారు. దొంగ ఫోన్ అని బ్లాక్ చేసిన దానికి ఏ సిమ్ వేసినా టవర్ రాదు.

అడవి వైపు ఊళ్ళకు లెక్క వేరు

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల్లో ఉన్నవాళ్ళకు ఇప్పటిదాకా చెప్పింది చాలు. దుమ్ముగూడెం, చర్ల దాటి లోపలికి పోయే ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు, అటు చింతూరు, కూనవరం వైపు చుట్టాలున్నవాళ్ళు ఇంకొంచెం చూసుకోవాలి.

మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో మొదటి విడత కింద ప్రభుత్వం బీఎస్ఎన్ఎల్ చేత పెట్టించినవి 2జీ టవర్లు. అలాంటి 2,343 టవర్లను 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో నిర్ణయించింది. అదే ఏడాది జులైలో అసలు సిగ్నలే లేని 24,680 ఊళ్ళకు 4జీ ఇవ్వాలని 26,316 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. ఇవి దేశం మొత్తానికి చెప్పిన అంకెలు. మన అడవి అంచుల్లాంటి చోట్లే వాటి అసలు గురి. మంచి పనే. పిల్లల చదువుకు, ఆన్‌లైన్ దరఖాస్తులకు 4జీ కావాల్సిందే. కానీ పెద్దవాళ్ళ డబ్బా ఫోన్ కోణంలో చూస్తే, ఊళ్ళో కొత్త టవర్ లేచిందంటే దాదీ ఫోన్ మోగుతుందని కాదు. 4జీ కోసం కట్టిన టవర్ దగ్గర 2జీ కూడా ఉంటుందని అనుకుని సిమ్ కొనకండి. ఆ ఊళ్ళోనే బటన్ ఫోన్ వాడేవాళ్ళని ఇద్దరిని అడగండి, వాళ్ళ ఫోన్‌లో ఏ కంపెనీ నిలబడుతోందో చూసి అదే తీసుకోండి. కంపెనీ మ్యాపులకంటే ఈ విచారణే నమ్మకం.

2025 జనవరి 17న ఇంకో మార్పు వచ్చింది. ప్రభుత్వ నిధితో కట్టిన 4జీ టవర్లను కంపెనీలు పంచుకునే ఏర్పాటు మొదలైంది. ఆ రోజు చెప్పిన లెక్క ప్రకారం సుమారు 27 వేల టవర్లు, 35,400కు పైగా ఊళ్ళు. అంటే ఊళ్ళో ఒక్క కంపెనీ టవరే ఉన్నా, ఈ ఏర్పాటులో చేరిన మరో కంపెనీ సిమ్‌కు కూడా దాని నుంచి 4జీ అందొచ్చు. ఇందుకు ఫోన్‌లో నెట్‌వర్క్ సెలక్షన్ ‘ఆటోమేటిక్’ మీద ఉండాలి. చాలా పాత ఫోన్లలో ఎప్పుడో ఎవరో ‘మాన్యువల్’ పెట్టి వదిలేసి ఉంటారు. అప్పటి కంపెనీ పేరు పట్టుకుని ఫోన్ వేలాడుతుంటుంది, కొత్త సిమ్‌ని ఒప్పుకోదు. 2జీ ఫోన్లకూ ఈ మాట వర్తిస్తుంది. సిమ్ మార్చగానే ముందు చూడాల్సిన సెట్టింగ్ ఇదేనని నా అభిప్రాయం.

బీఎస్ఎన్ఎల్ 4జీ వేసుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త. ఆ కంపెనీ 4జీ ఎక్కువగా 700, 2100 మెగాహెర్ట్జ్ తరంగాల మీద వస్తుంది. 700 అన్నది దూరం పోతుంది, చెట్లనూ గోడలనూ బాగా దాటుతుంది, అడవికి సరైనది అదే. ఫోన్ల వివరాల్లో దాన్ని ‘బ్యాండ్ 28’ అని, లేదా ‘బీ28’ అని రాస్తారు. ఏడెనిమిదేళ్ళ కిందటి ఫోన్లలో చాలావాటికి ఆ బ్యాండు లేదు. ఫోన్ మీద 4జీ అని రాసే ఉంటుంది, జియో 4జీ బాగానే వస్తుంది, బీఎస్ఎన్ఎల్ 4జీ మాత్రం రాదు. సిమ్ మీద, టవర్ మీద కోపగించుకునే ముందు ఫోన్ డబ్బా మీద బ్యాండ్ల వరస చదవండి. అలాగే ఎన్నో ఏళ్ళ కిందట తీసుకున్న బీఎస్ఎన్ఎల్ సిమ్ అయితే 4జీ ఫోన్‌లో వేసినా 4జీ రాకపోవచ్చు. అదే నంబర్‌కు 4జీ సిమ్ మార్చి ఇవ్వమని వాళ్ళ కేంద్రంలో అడగాలి.

సరిహద్దు గొడవ కూడా ఒకటుంది. భద్రాచలం టౌన్ దాటితే ఎటపాక, అది ఆంధ్ర. రాష్ట్రం మారిందని భయపడకండి, మొబైల్ లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్ర ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఛత్తీస్‌గఢ్ మాత్రం మధ్యప్రదేశ్ సర్కిల్‌లో ఉంది. కుంట వైపు టవర్ని మీ ఫోన్ పట్టుకుంటే అది రోమింగ్ కిందికి వస్తుంది. కాల్స్ పోతాయి గానీ నెట్ రాదు. సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆన్ చేస్తే వస్తుంది. చింతూరు దాటి పోయేవాళ్ళు ‘ఇక్కడికొస్తే నెట్ ఆగిపోతుంది’ అంటే ముందు చూడాల్సింది అది.

ఇంత తిప్పలెందుకు, ఓ టచ్ ఫోన్ కొనిపెడితే పోలేదా అని ఇంట్లో కుర్రాళ్ళు అంటారు. కొనిపెట్టండి, కానీ డబ్బా ఫోన్ తీసేయకండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. కరెంటు పోయిన ఇంట్లో టచ్ ఫోన్ ఒక్క రోజుకు చచ్చిపోతుంది, బటన్ ఫోన్ మూడు నాలుగు రోజులు నిలబడుతుంది.

సైజు, అడాప్టర్

దీని మీద జనం పడే హైరానాకు తగ్గంత విషయం లేదు. పాత ఫోన్‌కు పెద్ద సైజు సిమ్ కావాలి, కొత్త ఫోన్‌కు చిన్నది. ఇప్పుడిచ్చే సిమ్ కార్డులో మూడు సైజులూ గీతలు కొట్టి ఉంటాయి. డబ్బా ఫోన్‌కైతే బయటి చట్రంతోనే తీయండి, చిన్న ముక్కను నొక్కి ఊడదీయకండి. ఊడిపోతే అడాప్టర్ దొరుకుతుంది. సిమ్ లేకుండా ఖాళీ అడాప్టర్‌ని మాత్రం ఫోన్‌లోకి తోయొద్దు. లోపలి పిన్ను దాని కన్నంలో ఇరుక్కుని, లాగేటప్పుడు విరుగుతుంది. అప్పుడు నిజంగానే ఫోన్ పోయినట్టు.

నంబర్ మారకుండా కంపెనీ మార్చుకోవచ్చు

దాదీ నంబర్ జియోలో ఉంది, ఫోన్ 2జీది అనుకుందాం. చాలామంది చేసే పని, వేరే కంపెనీలో కొత్త నంబర్ తీసుకోవడం. సిమ్ ఊరికే వచ్చిందనుకున్నా, కొత్త నంబర్‌కు ఖర్చు వెనక నుంచి వస్తుంది. ఆధార్‌లో నంబర్ మార్చడానికి ఆధార్ కేంద్రంలో 75 రూపాయలు. బ్యాంకుకు ఒక రోజు. గ్యాస్ ఏజెన్సీకి ఒక పూట. చర్ల నుంచి భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు. ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు నిజమే, పోయిన కూలికి మాత్రం జీరో టికెట్ లేదు కదా.

అదే నంబర్‌ని పోర్ట్ చేసుకుంటే ఈ తిరుగుడు లేదు. ఇంగ్లిష్‌లో ‘పోర్ట్’ అని కొట్టి, ఖాళీ వదిలి, పది అంకెల నంబర్ రాసి 1900కు మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్ ఆ సిమ్ నుంచే పోవాలి. జియో సిమ్ డబ్బా ఫోన్‌లో పలకదు కాబట్టి, దాన్ని ఇంట్లో ఎవరిదైనా 4జీ ఫోన్‌లో వేసి పంపండి. తిరిగి వచ్చే కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి పోతే సిమ్ ఇస్తారు. మన సర్కిల్‌లోనే అయితే మామూలుగా మూడు పనిదినాల్లో మారుతుంది. అప్పటిదాకా పాత సిమ్‌ని 4జీ ఫోన్‌లోనే ఉంచండి. పాతది ఆగిపోయినప్పుడు కొత్తది వేయండి. కంపెనీలో చేరి 90 రోజులు దాటి ఉండాలి. ఈ మధ్యే అదే నంబర్‌కు సిమ్ మార్పించుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి, 2024 జులై 1 నుంచి ఈ నిబంధన ఉంది.

కంపెనీ మారకుండా, పోయిన సిమ్ బదులో, పాతబడ్డ సిమ్ బదులో కొత్తది తీసుకునేవాళ్ళకు ఇంకో మాట. కొత్త సిమ్ చాలూ అయ్యాక 24 గంటల దాకా మెసేజ్‌లు రావు, పోవు. మోసగాళ్ళు మన నంబర్ మీద సిమ్ తీసి ఓటీపీలు లాగకుండా పెట్టిన అడ్డు అది. సిమ్ పాడైందని కంగారుపడి మళ్ళీ దుకాణానికి పరుగెత్తకండి. ఆస్పత్రికి డబ్బు కట్టాల్సిన రోజునో, పరీక్ష ఫీజు ఆఖరు తేదీనాడో మాత్రం సిమ్ మార్పించకండి.

పాత సిమ్ తీసే ముందు ఫోన్‌బుక్ చూడండి. డబ్బా ఫోన్లలో పేర్లు చాలావరకు సిమ్‌లోనే దాచి ఉంటాయి. సిమ్‌తో పాటే అవీ పోతాయి. కాంటాక్ట్స్‌లో ‘కాపీ టు ఫోన్’ అని ఉంటుంది. పెద్దవాళ్ళు నంబర్లు గుర్తుపెట్టుకోరు, రెండో నంబర్ నొక్కితే పెద్దోడు, మూడో నంబర్ నొక్కితే బిడ్డ అని గుర్తు. ఆ వరస కూడా మళ్ళీ పెట్టి ఇవ్వండి.

ఇక వాడకుండా డ్రాయరులో పడేసిన సిమ్. కాల్, మెసేజ్, నెట్ ఏదీ లేకుండా 90 రోజులు గడిస్తే కంపెనీ ఆ నంబర్‌ని మూసేయొచ్చు. ప్రీపెయిడ్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని మరో 30 రోజులు ఉంచుతారు. మూసేసిన నంబర్‌ని కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత వేరేవాళ్ళకు ఇస్తారు. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కు పోతాయో ఆలోచించండి. ఒక నంబర్‌ని వదిలేయాలని నిర్ణయించుకుంటే బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ముందు మార్పించి, తర్వాత వదలండి. వాట్సాప్ ఖాతా కూడా కొత్త నంబర్‌కు మార్చాలి.

రీచార్జ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బా ఫోన్‌లో వాడని నెట్‌కు డబ్బు కట్టడం ఎందుకు? కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే ప్యాక్ ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. ఏడాది దాకా గడువుతో ఇవ్వొచ్చని కూడా చెప్పింది. ఇవి దుకాణం గోడ మీద కనిపించవు. ‘నెట్ లేని ప్యాక్ చూపించు’ అని నోరు తెరిచి అడగాలి.

వేలిముద్ర రెండోసారి ఎందుకు అడిగాడు?

2024 జనవరి 1 నుంచి సిమ్‌కు కాగితం దరఖాస్తులు లేవు, అంతా ఫోన్‌లోనే. పొలం పని, తునికాకు, బీడీలు, గని పని చేసిన చేతులకు వేలిముద్ర పడదు. ఇది వాళ్ళ తప్పు కాదు, సిమ్ లేదని పంపేయాల్సిన పనీ లేదు. వేరే వేలు పెట్టి చూడొచ్చు. అదీ కాకపోతే ఒరిజినల్ ఆధార్ కార్డును, మనిషిని అక్కడికక్కడే ఫోటో తీసి చేసే పద్ధతి ఉంది. అడగండి.

‘సరిగ్గా పడలేదు, మళ్ళీ పెట్టమ్మా’ అని రెండోసారి, మూడోసారి వేలు పెట్టించుకుని, అదే మనిషి పేరు మీద ఇంకో సిమ్ తీసి మోసగాళ్ళకు అమ్మిన కేసులు దేశంలో చాలాచోట్ల పట్టుబడ్డాయి. అందుకే పెద్దవాళ్ళను ఒంటరిగా గొడుగు దగ్గరికి పంపకండి. రెండోసారి వేలు అడిగితే మొదటిసారి ఏమని వచ్చిందో స్క్రీన్ చూపించమనండి.

సిమ్ మన పేరు మీదే ఉండటం ఇంకా ముఖ్యం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సిమ్‌లు భర్త పేరు మీదో, మరిది పేరు మీదో, ఒక్కోసారి దుకాణంవాడు ఇచ్చిన ఎవరి పేరు మీదో ఉంటాయి. ఆ సిమ్ పోయిన రోజున మళ్ళీ తీసుకోవాలంటే ఆ మనిషే రావాలి. అతను గల్ఫ్‌లో ఉంటే? మనిషే లేకపోతే? భర్త చనిపోయాక ఆయన పేరు మీదున్న నంబర్ కోసం, దానికి కట్టిన బ్యాంకు ఖాతా కోసం ఆడవాళ్ళు కంపెనీ దుకాణాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఇప్పుడే, అందరూ ఉన్నప్పుడే, వాడే మనిషి పేరు మీదికి మార్పించండి. ఇంకొకరిలా నటించి, మోసంతో సిమ్ తీసుకుంటే 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, యాప్ కూడా ఉంది. మీ నంబర్ కొట్టి, వచ్చిన ఓటీపీ ఇస్తే వరసగా నంబర్లు వస్తాయి, మధ్య అంకెలు దాచి ఉంటాయి. ఒక మనిషికి మన రాష్ట్రాల్లో తొమ్మిది దాకానే అనుమతి. మీకు తెలియని నంబర్ కనిపిస్తే దాని పక్కన ‘నాట్ మై నంబర్’ నొక్కి రిపోర్ట్ చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఇది సరిపోదు, 1930కి వెంటనే ఫోన్ చేయాలి. దాదీ పేరు మీద చూడాలంటే ఓటీపీ ఆవిడ డబ్బా ఫోన్‌కే వస్తుంది, మీ ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి ఆవిడ పక్కన కూర్చుని చూడండి.